అన్నది అన్నట్టు చెప్పు

నా చిన్నప్పుడు పటాన్‌చెరు దిక్కు కొత్తగా ఫ్యాక్టరీలు లేస్తుండె. కోస్తా నుంచి నౌకరీలకు వచ్చినోళ్లు చుట్టుపక్కల ఊర్లల్ల అర్రలు కిరాయికి తీసుకునేటోళ్లు. ముత్తంగిల మా ఇంటి ముందటి అర్రల గట్లనే ఒక జంట దిగింది. ఆయన పొద్దున డ్యూటీకి పోతే చీకటి పడ్డంకనే వచ్చేటోడు. పగలంతా ఆ అక్కకు నేనే తోడు. నాకు జడలేసేది, పాటలు నేర్పేది. అక్కంటే నాకు పానం.

ఒకనాడు మా చిన్నమ్మ బాయి కాడికెళ్లి ముఖం మాడ్చుకొని వచ్చింది. మన జొన్నరొట్టెలు కంపు కొడుతున్నయట, మనం తినేది తిండే కాదంటున్నది ముందటి అర్రల ఆమె అని బాపుకు చెప్పింది. మా బాపు కోపం మీకు తెల్వదు. తినే తిండి మీద మాట పడితే అసలే ఆగడు. ఇయ్యాల్నే అర్ర ఖాళీ చేయిస్తనని కండువా భుజానేసుకొని లేచిండు. అక్క ఎల్లిపోతదని నాకు ఏడుపు ఆగలే.

నాయనమ్మ బాపును కూసోమన్నది. చిన్నమ్మను దగ్గరికి పిలిచింది. "నువ్వేమనుకున్నవో తర్వాత చెప్పుదువు గని, ముందు ఆ పిల్ల నోట్లకెళ్లి ఏమొచ్చిందో గది చెప్పు. నీ మాట ఒక్కటి కలపకు" అన్నది.

చిన్నమ్మ పరేషానైంది. జెరసేపు యాది చేసుకొని, ఆఖరికి అక్క మాట్లాడినట్టే చెప్పింది. "మీరు రొట్టెలు కాలుస్తుంటే ఆ వాసనకే కడుపులో తిప్పేస్తోందండీ. ఇదివరకు ఇష్టంగా తినేదాన్ని. ఇప్పుడు అన్నం వాసన కూడా పడట్లేదు."

నాయనమ్మ పక్కున నవ్వింది. "ఓసి పిచ్చిదానా, ఇది తిట్టా? ఆ పిల్ల నెల తప్పింది!"

చిన్నమ్మ నాలుక కరుచుకున్నది. బాపు భుజం మీది కండువా తీసి పక్కన పెట్టిండు. నాయనమ్మ గిన్నెల చింతకాయ తొక్కు పెట్టుకొని ముందటి అర్రకు నడిచింది, ఎనుక నేను. తల్లి యాడనో దూరాన ఉండె, ఎవరికి చెప్పుకోవాల్నో తెల్వక బెంగ పడ్డ ఆ అక్క, నాయనమ్మను పట్టుకొని భోరుమన్నది. నేను కండ్లార చూసిన. అక్క కానుపుకు పుట్టింటికి పోయి, బిడ్డనెత్తుకొని మళ్లా మా అర్రకే వచ్చింది. ఆ పిల్లను మా బాపు కింద దించితే ఒట్టు.

ఇప్పుడు నేనే నాయనమ్మనైన. ఫలానా ఆమె నిన్ను చులకన చేసిందని ఎవరన్న మోసుకొస్తే నాకూ సర్రున కోపమొస్తది, బాపు బిడ్డను గద. అయినా అన్నది అన్నట్టు చెప్పమని అడుగుత. ఈ బుద్ధి నేర్పిన నాయనమ్మకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. శానాసార్లు ఆ మాటల్ల తిట్టే ఉండదు. ఒక్కోసారి మాత్రం ఎవరికీ చెప్పుకోలేని కష్టమేదో వినబడతది. అప్పుడు ఇగ ఆగను, చెప్పులేసుకొని వాళ్లింటికి పోత.