అమాస నాడు చక్రం విప్పనివ్వని బాపు

మా బాపు కిరాయి కారు నడుపుతాడు. కొన్నాళ్లుగా ఎడమ ముందు చక్రం దగ్గర మోత వస్తోంది. కుడికి తిప్పితే ఇంకా పెరుగుతోంది. ఈ రోజు మధ్యాహ్నం కేతేపల్లిలో మెకానిక్ ఖాజా మామకు చూపించాం. ఆయన జాకీ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమని కదిలింది. చేత్తో తిప్పితే లోపల ఇసుక నలిగినట్టు గరగరమంది.

"బేరింగ్ పోయిందన్నా. కొత్తది నా దగ్గర్నే ఉన్నది, జర ఆగితే ఏసిస్త. గిట్లనే పోతే చక్రం నీకంటె ముందుగాల ఊరు చేరుతది," అన్నాడు మామ.

బాపు నవ్వాడు. "ఇయ్యాల అమాస ఖాజా. బండి ఇప్పితే కీడు. రేపు పొద్దుగాల ఇప్పు."

"ఇప్పితే కీడు గానీ, నడిపితే గాదా?"

"పొద్దుగాలనే నిమ్మకాయలు తొక్కిచ్చిన. ఏం గాదు."

"చేయించుకొనే పోదాం బాపు," అన్నాను మెల్లగా.

"నువ్వు ఊకో," అన్నాడు.

అంతలో హాలియా నుంచి కిరాయి ఫోన్ వచ్చింది. చిన్న పిల్లలున్న కుటుంబాన్ని నల్లగొండలో రైలుకు దింపాలట. నన్ను ఇంటి దగ్గర వదిలి వెళ్లాడు. ఇప్పుడు చీకటి పడుతోంది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. బండి నడిపేటప్పుడు ఎప్పుడూ ఎత్తడు, అది తెలుసు. అయినా అవ్వ అన్నం ముట్టలేదు, నేనూ ముట్టలేదు.

మీ ఇళ్లలో కూడా అమాసకు బండి విప్పరా? అది తర్వాత చెప్పండి. ముందు హాలియా–నల్లగొండ రోడ్డు మీద ఎవరైనా ఉంటే, మోత చేస్తూ పోయే తెల్ల కారును ఆపండి. నేను చెప్పానని మాత్రం అనకండి.