మధ్యగోడ అవతల

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో చిలకలూరిపేటలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు కూలీల కోసం నేను ఇళ్లకు ప్లాను గీశాను. గోడకు గోడ ఆనించి రెండు ఎదురెదురు వరసలు. మధ్యలో ఒకదాని నీడ ఒకదానిమీద పడేంత ఇరుకు సందు. ఎండ తగిలే గోడలు తగ్గితే ఇల్లు చల్లగా ఉంటుందని నా లెక్క. కట్టడం పూర్తయింది. ఒక్క సంసారమూ రాలేదు.

మా వైపు ఉమ్మడి గోడంటే భయం. అవతలివాడు మేకు కొట్టినా తగాదే. అన్నదమ్ములు కూడా మూరెడు సందు వదిలి ఎవరి గోడ వాళ్లు కట్టుకుంటారు. అది నాకు తెలియక కాదు, లోపలికొచ్చి చూస్తే మనసు మార్చుకుంటారనుకున్నాను. మిల్లు యజమాని మాత్రం, "వానలు పడేలోగా జనం చేరకపోతే మధ్యగోడలు కొట్టించి పత్తి బేళ్లు వేయించుకుంటానయ్యా" అన్నాడు.

చివరికి మా ఆవిడనూ నెలల పిల్లనూ తీసుకుని నేనే నడిమి ఇంట్లో దిగాను. రోహిణి కార్తె. బయట వడగాలి. ఇంట్లో ఉన్నంతసేపూ పిల్ల నుదురు తాకి చూస్తుండేవాణ్ణి. "దాన్ని నిద్రపోనిస్తారా లేదా?" అని మా ఆవిడ విసుక్కునేది. నా పంతానికి పిల్లను బలిపెడుతున్నానేమోనని భయం.

వారం తిరక్కుండానే, "మా అమ్మ దగ్గరికి పోతానండి" అంది. ఆమె వెళ్లిపోతే ఇక ఆ ఇళ్లలోకి ఎవరూ రారు. అయినా వద్దనలేదు. ఎండెక్కకముందే బండి మాట్లాడాను.

బండి కూలీల పాకల ముందునుంచే పోవాలి. మిల్లులో పత్తి ఏరే ఒక పెద్దావిడ అడ్డమొచ్చి ఎడ్లను ఆపింది.

"ఏమ్మా, ఉడికిపోయావా ఆ ఇంట్లో?"

"ఇల్లు చల్లగానే ఉంది పెద్దమ్మా" అంది మా ఆవిడ. "ఈయన పనికి పోతే అటు గోడవతలా మనిషి లేదు, ఇటు గోడవతలా లేదు. పిల్ల గుక్కపట్టి ఏడ్చినా ఏమిటని అడిగేవాళ్లుండరు. భయమేస్తోంది."

ఇన్నాళ్లూ నేను పిల్ల ఒళ్లు చూశానే గాని ఆమె మొహం చూడలేదు.

పెద్దావిడ పిల్లకేసి చూసింది. "గోడవతల మేముంటే?"

"ఉంటాను" అంది మా ఆవిడ.

పెద్దావిడ పాకలోకి పోయి చాపా, అన్నం కుండా తెచ్చి బండిలో మా సామాను పక్కన పెట్టింది. ఎటు పోనివ్వమంటారని బండివాడు నన్నడిగాడు. నేను మా ఆవిడ మొహంకేసి చూశాను.

"వెనక్కి తిప్పు, ఇంటికి పోదాం" అంది మా ఆవిడ.