గుట్ట మీద ముందు నడిచిన తాత

చర్ల దాటి, గుట్ట అవతలి పల్లెకు టీకాలు వేయడానికి మొదటిసారి పోయినప్పుడు, ఆ పల్లె తాత ఒకాయన నాకు దారి చూపించిండు. గుట్ట నెత్తి మీది సన్నని బాటలో ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, "పైలం, ఈ రాయి కదులుతది. ఇక్కడ జారుతది, మెల్లగ" అనేటోడు.

నా మీద ఎంత ప్రేమో అనుకున్న. ఆయాసమొచ్చి నేను చాలా వెనకపడ్డా ఆయన మాటలు ఆగలేదు. ఒకచోట నా కోసం నిలబడ్డప్పుడు అడిగిన.

"నేను గంత దూరంల ఉంటే ఎవరికి చెప్తున్నవ్ తాతా?"

"మా ముసలిదానికి" అన్నడు. "గీ దారిల్నే జారి పడ్డది. అప్పుడు గూడ నేనే ముందు నడుస్తుంటి. రాయి కదులుతదని నాకు ఎరికే, చెప్పలే. దవాఖానకు మోసుకపోతుంటే పానం పోయింది."

మళ్లీ నడిచినం.

"పైలం" అన్నడు.

"అవ్, చూసిన. దాటిన" అన్న.

ఆయన ఆగిపోయిండు. తువాలతో మొహం తుడుచుకొని, బాట పక్కకు జరిగిండు.

"నువ్వే ముందు నడు బిడ్డా."

పల్లె వచ్చేదాకా నా వెనకనే వచ్చిండు. మళ్లీ ఒక్కసారి కూడా "పైలం" అనలేదు.