అబద్ధమాడలేని పాత్ర

గోపాలస్వామి ఇరవై రెండేళ్లుగా మద్రాసు టి. నగర్‌లో ఒక చీరల కొట్లో సేల్స్‌మన్. మనిషి పొడుగు, గొంతు మెత్తన. మడత విప్పి చీర భుజాన వేసి చూపించాడంటే ఉత్తచేతులతో వెళ్ళేవాళ్ళు తక్కువ. "ఈ రంగు నీకోసమే నేసినట్టుందమ్మా" అని రోజుకు యాభైసార్లు అనేవాడు. "రంగు పోదు, నాది గ్యారంటీ" అని వందసార్లు. ఏ చీర రంగు దిగుతుందో వేళ్ళతో తడిమితే చాలు, ఆయనకు తెలిసిపోయేది. తెలిసినా ఆ మాట అనేవాడు. ఉద్యోగం అలాంటిది.

ఊరి బోర్డుల మీద మద్రాసు పోయి చెన్నై వస్తున్న ఏడాది అది. కూతురు జనని కాలేజీలో రెండో సంవత్సరం. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె స్నేహితులు విఘ్నేష్, శ్రీప్రియ, శ్రీకుమార్ మాధవరంలోని గోపాలస్వామి ఇంటికి వచ్చి ఒక ఆట ఆడేవాళ్ళు. బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిన ఇంగ్లీషు పుస్తకానికి జిరాక్సు కాపీ వాళ్ళ దగ్గరుండేది. ఆటకు పావులు లేవు, గళ్ళు లేవు. జనని కథ చెబుతుంది. తక్కినవాళ్ళు ఆ కథలో ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ, ఒకరు కత్తివీరుడు. ఎవరేం చేస్తారో వాళ్ళే చెప్పాలి. చేసింది ఫలించిందో లేదో తేల్చడానికి పుస్తకంలో చెప్పిన ఇరవై ముఖాల పాచిక ఊళ్ళో దొరకలేదు. హౌసీ ఆటలోని అంకెల బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి గుడ్డసంచిలో వేసుకున్నారు. చెయ్యి పెట్టి తీస్తే ఎంత పెద్ద అంకె వస్తే అంత జయం.

"మగపిల్లలు వచ్చేటప్పుడు మీరు ఇంట్లో ఉండాల్సిందే" అని భార్య మంగళ ఖాయం చేసింది. అందుకని గోపాలస్వామి పేపరు పట్టుకుని అదే గదిలో కుర్చీలో కూర్చునేవాడు. పేపరు ఎప్పుడో అయిపోయేది. చెవులు మాత్రం కథ మీదే ఉండేవి.

ఒక ఆదివారం శ్రీకుమార్ రాలేదు. పచ్చకామెర్లట.

"నాయనా, ముగ్గురు లేకుంటే ఆట నడవదు. నువ్వు వచ్చి కూచో" అంది జనని.

"నాకేం తెలుసుమా దీంట్లో?"

"తెలియాల్సిందేం లేదు. శ్రీకుమార్ కత్తివీరుణ్ణి వాడికే ఉంచాలి. అది కాక ఒక్క పాత్రే మిగిలుంది."

విఘ్నేష్ నవ్వాడు. "అది ఎవరికీ వద్దు అంకుల్. అందుకే మిగిలింది."

ఆ పాత్ర పేరు ధర్మయోధుడు. బలం ఉంది, కవచం ఉంది, గుర్రం కూడా ఉంది. కానీ అబద్ధం ఆడకూడదు. దొంగసొమ్ము ముట్టకూడదు. ఒక్కసారి తప్పినా శక్తులన్నీ పోతాయి. పక్కన అలాంటివాడు ఉంటే తక్కినవాళ్ళ ఎత్తులు ఒక్కటీ పారవని ఆడేవాళ్ళందరికీ వాడంటే విసుగు. గోపాలస్వామి ఆ వివరాలున్న కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇదే ఆడతా" అన్నాడు.

గంట తిరక్కుండానే అందరూ చెరసాలలో పడ్డారు. కథలో దొంగైన విఘ్నేష్ కోట తాళంచెవి కొట్టేశాడు. వంతెన దగ్గర కాపలావాడు ఆపి, మీ దగ్గర తాళంచెవి ఉందా అని అడిగాడు. విఘ్నేష్ లేదన్నాడు. గోపాలస్వామి ఉందన్నాడు.

"అయ్యో అంకుల్! ఒక్క అబద్ధం! సుమ్మా, ఊరికే ఒక్కటి చెప్పుంటే ఏమైపోయేది?"

"నేను చెప్పుదును గదప్పా. ఆయన చెప్పలేడే" అన్నాడు గోపాలస్వామి తప్పు చేసినవాడిలా.

శ్రీకుమార్ కోలుకున్నాడు గానీ చదువు వెనకబడిందని ఇంట్లో పంపలేదు. అలా గోపాలస్వామి చోటు ఖాయమైపోయింది. మూడు నెలలు గడిచేసరికి విఘ్నేష్‌కు ఓపిక చచ్చింది. ఒకరోజు అందరూ వెళ్ళాక జనని మెల్లగా అడిగింది.

"నాయనా, వేరే పాత్ర తీసుకుంటావా? శ్రీకుమార్ కత్తివీరుడుండాడు. నీకు బాగుంటది."

ఆయన గుడ్డసంచి తాడు బిగించాడు.

"ఆరు రోజులు ఆడ కొట్లో నిలబడి నేనేం చెప్తానో నీకు తెలీదుమా. ఈ ఒక్కరోజు ఈయనగా ఉండనీ."

జనని మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తమిళుల ఆషాఢమైన ఆడి మాసం తగ్గింపు అమ్మకాల్లో ఒక తల్లీ కూతురూ కొట్టుకు వచ్చారు. తల్లి పేరు అమ్మాసి, పూలు కట్టి అమ్ముకునే మనిషి. కూతురికి నర్సు ఉద్యోగం వచ్చింది, చేరే రోజుకు మంచి చీర కావాలి. ఆ పిల్ల కళ్ళు కుంకుమరంగు చీర మీద పడ్డాయి. తెల్లటి అంచు. గోపాలస్వామి వేళ్ళకు సంగతి తెలిసింది.

"రంగు పోదు గదయ్యా?" అని అడిగింది అమ్మాసి.

నోరు తెరిచాడు. అలవాటైన మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల చీర అంచును చెంపకు ఆనించుకుని అద్దంలో చూసుకుంటూ ఉంది.

"పోతుందమ్మా" అన్నాడు. "ఒక్క ఉతుకుకే తెల్లంచంతా ఎర్రగా అయిపోతుంది. ఇది వద్దు. ఆ నీలం చూడు."

వెనక నిలబడి ఉన్న సూపర్‌వైజర్ బాలసుందరం విన్నాడు. తల్లీకూతుళ్ళు నీలం చీరతో వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి గోపాలస్వామిని పైఅంతస్తు గోడౌన్‌లో చీరలకు చీటీలు అంటించే పనికి మార్చారు.

ఇంట్లో చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. మంగళ విని, వంటింట్లోకి వెళ్ళి, ఆయనకు కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు చేతికిచ్చి పక్కనే కూర్చుంది. జననికి మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నా ఆట వల్లే గదా నాయనా. ఆపేస్తా."

"ఎందుకు ఆపేది? నా నోట్లో నుంచి వచ్చిన మాట అది. ఆటదేం కాదు. ఆ పొద్దు ఇంటికొచ్చి ఎంత బాగా నిద్రపోయినానో తెలుసా?"

ఆ ఆదివారం విఘ్నేష్, శ్రీప్రియ వచ్చేసరికి వాళ్ళకు సంగతి తెలిసిపోయింది. ఆట మొదలైంది. కథలో ఒక రాక్షసుడు వాళ్ళను తరుముతున్నాడు; శ్రీప్రియ మంత్రగత్తె ముందే తప్పించుకుంది. విఘ్నేష్ దొంగ పాడుబడ్డ మిల్లులో దాక్కున్నాడు. ధర్మయోధుడు వాకిట్లో ఒంటరిగా ఉండగా ఆ రాక్షసుడు వచ్చాడు.

"దొంగ ఎక్కడున్నాడో నీకు తెలుసా అని అడుగుతున్నాడు" అంది జనని.

విఘ్నేష్ తల దించుకున్నాడు. ఏం జవాబు వస్తుందో అతనికి తెలుసు.

"తెలుసు" అన్నాడు గోపాలస్వామి. "కానీ చెప్పను."

విఘ్నేష్ తలెత్తాడు.

"చెప్పకుంటే చంపుతానంటున్నాడు నాయనా."

"గుర్రం దిగి గడపకడ్డంగా నిలబడతా. నన్ను దాటే లోపలికి పొమ్మను."

సంచిలో చెయ్యి పెట్టాడు. మూడు వచ్చింది. ధర్మయోధుడు నేలకూలాడు.

"నేను బయటికొస్తా" అన్నాడు విఘ్నేష్.

"ఎందుకు? వెనక కిటికీ ఉంది, నువ్వు పారిపోవచ్చు గదా" అంది జనని.

"వస్తానంటున్నా గదా!" అని అరిచినట్టే అన్నాడతను. తీసిన బిళ్ళ పదిహేడు. రాక్షసుడి కళ్ళలో దుమ్ము కొట్టి, కవచం పట్టుకుని ఆయన్ని ఈడ్చుకుపోయాడు. ఆట అయ్యాక వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "వంతెన కాడ నేనట్లా అరిచుండకూడదు అంకుల్" అన్నాడు.

దీపావళి రద్దీకి మనుషులు చాలక గోపాలస్వామిని కిందికి పిలిచారు. ఆయన చీరల వైపు పోనన్నాడు. మూలనున్న నేతగుడ్డల విభాగం అడిగి తీసుకున్నాడు. అక్కడి మద్రాసు గళ్ళగుడ్డ ఉతికేకొద్దీ రంగు దిగుతుంది, దిగేకొద్దీ అందం వస్తుంది. ఆ మాటే చెప్పి అమ్ముకోవచ్చు. మిగతా ఉద్యోగమంతా అక్కడే చేశాడు.

ఆ ఏడాది ఆఖరి ఆదివారాల్లో ఒకనాడు, మంగళ బజ్జీల పళ్ళెం కింద పెట్టి వెళ్ళకుండా చాప మీద కూర్చుంది.

"నాకూ ఒక వేషమియ్యండి. ఎన్నాళ్ళు పళ్ళేలు మోసేది?"

జనని ఉత్సాహంగా కాగితాలు పరిచింది. "ఏది కావాలమ్మా?"

మంగళ భర్త వైపు ఓరగా చూసింది.

"దొంగ" అంది. "ఈయన పక్కనే తిరిగే దొంగ."