ఒకే టెంటు, ఒకే భోజనం

మొన్న కొత్తగూడెం నుంచి జూలూరుపాడుకు బస్సులో పోతుంటే చినుకులు పడ్డాయి. కిటికీలోంచి తడిసిన కొత్త సిమెంటు వాసన వచ్చింది. రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కడుతున్నారు. నా పక్కన కూర్చున్న ఆవిడ "మంచిగ కడుతున్రు" అని మెచ్చుకుంది. చాలామందికి ఆ వాసన ఇష్టం. నేను మాత్రం కిటికీ అద్దం మూసేశాను. దేవదానం అన్న గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన ఇల్లు అదే రోడ్డు మీద, ఇంకాస్త ముందుకు పోతే వస్తుంది. బస్సు దాని ముందు నుంచి పోయేటప్పుడు నేను అటువైపు చూడలేదు.

బొగ్గుగనిలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఆయన ఫిట్టర్, నేను హెల్పర్. కాలనీలో క్వార్టర్ కూడా ఆయన పక్కదే దొరికింది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, అటు దగ్గితే ఇటు వినపడేది. షిఫ్టులో అందరూ ఆయన్ని పిసినారి అని ఆటపట్టించేవారు. క్యాంటీన్‌లో టీ సగం తాగి మిగతా సగం సాయంత్రానికి ఫ్లాస్కులో పోసుకుంటాడని ఎవరో కథ కూడా అల్లారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు తప్ప కాదనేవాడు కాదు. అందుకే అది నిజమేనేమో అని నాకు ఇప్పటికీ అనుమానం.

మొదటిసారి దసరా బోనస్ చేతికొచ్చిన రోజు మోటారుసైకిల్ కొందామని ఉత్సాహంగా బయలుదేరాను. గేటు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏడికి తమ్మీ గంత జల్దీ?"

"బండి కొంటనన్నా."

"బండెక్కి యాడికి పోతవ్? క్వార్టర్ నుంచి గని దాకనేనా? గంత దూరానికి కాళ్లున్నయి గదా."

అటు నుంచి అటే పోస్టాఫీసుకు తీసుకుపోయి ఖాతా తెరిపించాడు. ఆ కోపంతో చాలా రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. తర్వాత కొన్నేళ్లకు మా నాన్నకు గుండె ఆపరేషన్ అవసరమైంది. ఎవరి ముందూ చెయ్యి చాపకుండా హైదరాబాద్ దవాఖానాలో చేయించగలిగాను. మా నాన్న ఇవాళ్టికీ మా ఊళ్లో పత్తి చేనుకు నడిచి పోతున్నాడంటే ఆ పోస్టాఫీసు చలవే. అందుకే దేవదానం అన్న బతికిన తీరు తప్పు అని ఒక్కమాటలో తేల్చలేను. తేల్చగలిగితే ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు.

గని ఉద్యోగం ఉన్నన్నాళ్లే క్వార్టర్. రిటైరయితే తాళం అప్పజెప్పి బయటికి నడవాలి. మా అందరికీ ఉన్న బెంగే అది. దేవదానం అన్న అందరికన్నా ముందే మేలుకున్నాడు. వాళ్లావిడ రాహేలు వదిన పుట్టిన ఊరికి పోయే దారిలోనే, జూలూరుపాడు రోడ్డు మీద జాగా కొన్నాడు. నోరు కట్టుకుని, ఏడాదికింత కట్టుకుంటూ పోయి ఇల్లు పూర్తి చేశాడు. టేకు తలుపులు, గచ్చు మీద నున్నటి బండలు, ముందు వెడల్పాటి వరండా. వరండాలో కూర్చుంటే ఎదురుగా చేలు, చేల అవతల అడవి. ఆ వరండా వేయించింది వదినే. మేస్త్రీతో దగ్గరుండి కొట్లాడి మరీ రెండడుగులు వెడల్పు పెంచుకుంది.

ఇల్లు పూర్తయ్యాక అన్న తలుపుకు తాళం వేశాడు.

క్వార్టర్‌లో కరెంటుకూ నీళ్లకూ పైసా కట్టే పని లేదు. అలాంటప్పుడు సొంతింట్లోకి పోయి మీటరు ఎందుకు తిప్పుకోవాలన్నది ఆయన లెక్క. కిరాయికి ఇద్దామంటే గోడలకు మేకులు కొడతారని భయం. మరి కనీసం పాస్టర్ గారిని పిలిచి గృహప్రతిష్ఠ ప్రార్థన చేయించుకుని, ఆదివారాలైనా పోయి ఉండొచ్చు కదా అంటే, అక్కడే ఉంది చిక్కు. ప్రార్థన పెడితే ఊరందరినీ పిలవాలి. రిటైరయిన రోజు ఎలాగూ అందరికీ భోజనాలు పెట్టాలి. రెండుసార్లు ఎందుకు? మా కాలనీలో చాలామంది ఇలా రెండూ కలిపే చేస్తారు.

"ఒకటే టెంటు, ఒకటే భోజనం. రెండు పనులు అయిపోతయి" అనేవాడు గర్వంగా.

"నలుగురినే పిలిచి ప్రార్థన పెట్టించుకోరాదన్నా" అన్నాను ఒకసారి.

"నలుగురిని పిలిస్తె నాలుగొందల మందికి కోపమొస్తది తమ్మీ."

ప్రార్థన కాని ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, రాత్రి పడుకోకూడదు అని వాళ్ల పట్టింపు. కాబట్టి ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ పోయి, తలుపు తీసి, దుమ్ము దులిపి, మళ్లీ తాళం వేసి వచ్చేవారు. కట్టుకున్న ఇంటికి చుట్టాల్లా పోయివచ్చేవారు. ఏళ్లు అలాగే గడిచాయి.

వదినకు ఆయాసం. మా క్వార్టర్లు బొగ్గు యార్డుకు దగ్గర. ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేవి. గోడ అవతల ఆమె రాత్రంతా దగ్గడం మేం వింటూనే ఉండేవాళ్లం. ఆమెకు పెద్ద కోరికలేమీ లేవు, నగలడగలేదు, చీరలడగలేదు. "ఒక్క వానకాలం ఆ వరండాల కూసోని వాన సూడాలె" అనేది. "నేను నౌకరి దిగిపోయినంక వానలన్నీ నీయే" అనేవాడు అన్న. ఆ మాట ప్రేమతోనే అనేవాడు. ఆమెకూ అది తెలుసు, అందుకే గట్టిగా పోట్లాడలేకపోయింది.

ఇంకో ఆర్నెల్లలో ఆయన రిటైరవుతాడనగా వదిన దవాఖానాలో చేరింది. నేను చూడబోతే మంచం మీద లేచి కూర్చుని, ఊపిరి కూడదీసుకుంటూ అంది: "నా మాట ఇంటలేడు. నీ మాటన్న ఇంటడేమో చెప్పు. టెంటు వద్దు, భోజనం వద్దు. నన్ను ఆడికి తోల్కపొమ్మను."

మర్నాడు షిఫ్టులో ఆయనతో చెప్పాను. చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"డిసెంబర్ల దిగిపోత గదా తమ్మీ. ఇన్నేండ్లు ఆగినం, ఇప్పుడు ఆగలేమా?"

"వానలు ఇప్పుడే పడుతున్నయన్నా."

"వచ్చే యేడు పడవా?"

వానలు వచ్చే ఏడు కూడా పడతాయి మరి.

ఆ నెల దాటకుండానే వదిన పోయింది.

సమాధి ఆమె పుట్టినూళ్లోనే అనుకున్నారు. శవపెట్టెను వ్యాన్‌లో ఎక్కించి, ఎడతెగని వానలో జూలూరుపాడు రోడ్డు పట్టాం. ఇల్లు రాగానే అన్న వ్యాన్ ఆపించాడు. "కొంచెంసేపు లోపలికి తీసుకపోదాం" అన్నాడు. వదిన తోడబుట్టినవాడు అడ్డంపడ్డాడు. "దేవుని ప్రార్థన కాని ఇంట్లకు మొదలే శవాన్ని తెస్తవా బావా? రేపు నువ్వు ఉండాల్సిన ఇల్లది" అన్నాడు. తక్కిన పెద్దలూ తలూపారు. అందరం వానలో తడుస్తూ నిలబడ్డాం. అప్పుడు పాస్టర్ గారు గొడుగు పక్కన పెట్టి మెట్లెక్కారు. తడి బైబిల్ తుడుచుకుని, వరండాలో నిలబడి, కీర్తన ఒకటి చదివి, ఇంటిని దీవించమని ప్రార్థన చేసి ఆమెన్ అన్నారు.

దేవదానం అన్న కళ్లు తెరిచి ఇంకా ఏదో ఉందన్నట్టు చూశాడు.

"అయిపోయిందా పాస్టర్ గారూ?"

"అయిపోయింది దేవదానం."

"గింతేనా?"

"ఇంతే. తీసుకురండి ఆమెను."

పెట్టెను వరండాలో దించాం. ఆయన పక్కన చతికిలబడి, పెట్టె మూత మీద పడిన చినుకులు కండువాతో తుడుస్తూ "గింతేనా... గింతేనా" అని అంటూనే ఉన్నాడు. మనిషి అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఎదురుగా చేల మీద వాన పడుతూనే ఉంది.

డిసెంబర్‌లో రిటైరయ్యాడు. టెంటు వేయలేదు, భోజనం పెట్టలేదు. ఆ ఇంట్లో ముందు భాగమంతా కిరాయికి ఇచ్చి తను వెనక గదిలో ఉండేవాడు. చివరిసారి నేను పోయినప్పుడు కిరాయికున్నవాళ్ల పిల్లలు గోడల నిండా రంగు పెన్సిళ్లతో గీతలు గీస్తున్నారు. నేను కసరబోతే "గీసుకోనియ్ తమ్మీ" అన్నాడు. ఆ గీతల వైపే చూస్తూ అన్నాడు: "దాచుడొక్కటే నేర్చుకున్న. ఖర్సు పెట్టుడు ఎప్పుడు మొదలుపెట్టాల్నో ఎవలూ చెప్పలే." తర్వాత కొన్ని నెలలకే నిద్రలో పోయాడు.

ఆయన నాకు నేర్పింది నా ఒంట్లో ఇంకిపోయింది. మా నాన్నను బతికించింది అదే. నన్ను లోపల్నుంచి తినేస్తున్నదీ అదే. ఇంత తెలిసీ, ఇంత చూసీ, నేనేమైనా మారానా అంటే లేదు. పోయిన వారం మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఈ ఆదివారం భద్రాచలం పోయి గోదావరి సూసొద్దామా? పెండ్లయినకాడ్నుంచి అడుగుతున్న" అంది. ఏమనాలో నాకు తెలుసు. పోదాం అనాలి. నోరు తెరిచేసరికి "బోనస్ రానియ్, అప్పుడు పోదాం" అన్న మాట వచ్చేసింది.

"అవ్, అట్లనే" అంది. కూర ఇంకొంచెం వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆదివారం కూడా వచ్చి వెళ్లిపోయింది. ఆమె మళ్లీ అడగలేదు.