చెప్పుల కాపలా

మధ్యధరా సముద్రంలో ఒక్కసారైనా మునగాలని, ఆస్ట్రేలియాలోని టూవూంబాలో పాతికేళ్లుగా నర్సుగా చేస్తున్న కళావతే పట్టుబట్టి ఇంటిల్లిపాదినీ స్పెయిన్‌కి బయల్దేరదీసింది. తిరిగొచ్చాక భర్త యోగానంద్ స్నేహితులను భోజనానికి పిలిచి, టీవీలో ఫోటోలు చూపిస్తూ నెర్హా గుహలూ, గ్రనాడా కోటా తప్పక చూడాలని ఊదరగొడుతున్నాడు. డబ్బులు తీసుకునే గైడ్‌కి కూడా అంత నోరుండదు.

"ఆంటీ, బీచ్‌లో వాటర్ బాగా కోల్డ్‌గా ఉందా?" అని అడిగింది పక్కింటి నీలిమ.

"మీ అంకుల్‌ని అడుగు. ఆరు రోజులూ నేను ఆయన చెప్పులకీ, పిల్లల చెప్పులకీ కాపలా ఉన్నాను."

యోగానంద్ నవ్వేశాడు. "బ్యాగులో పాస్‌పోర్టులున్నాయి కదా! తనే కూర్చుంటానంది."

"మొదటిరోజు అన్నాను. మిగతా ఐదు రోజులూ నన్నెవరడిగారు?"

"అబ్బా, హాలిడే మూడ్‌లో ఉండి గమనించలేదు. ఇప్పుడు అందరి ముందూ ఎందుకది?"

కళావతి అతని చేతిలోంచి రిమోట్ లాక్కుని రెండు ఫోటోలు వెనక్కి తిప్పింది. తెరనిండా ఆమే ఉంది. ఎర్ర గొడుగు కింద, ఒళ్లో బ్యాగులు, పక్కన మూడు జతల చెప్పులు.

"నడుంలోతు నీళ్లలో నిలబడి మీరు తీసిందే ఇది. గమనించకుండానే జూమ్ చేశారా?"