ఆపా నేర్పిన జ్వరం పాఠం

మా పాప చదివే చిన్నపిల్లల బడి టీచరు మొన్న సోమవారం పోయారు. ఫ్లూ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిందట. బోయిగూడలో పిల్లలూ పెద్దలూ అందరం ఆమెను ఆపా అనే పిలిచేవాళ్లం, ఉర్దూలో అక్క అని. నిజం చెప్పొద్దూ, ఆమెను నేను రెండేళ్లు అనుమానించాను.

మొదటి అనుమానం అత్తరు మీద. ఒకరోజు పాప అరచేతులు గుప్పుమంటుంటే తగువుకే వెళ్లాను. "ఏం పూస్తున్నారండీ పిల్లలకి?" అన్నాను. ఆపా నవ్వి, తన చేతికి అత్తరు రాసుకుని ముందు వరసలో బిడ్డ చెయ్యి పట్టుకున్నారు. ఆ బిడ్డ పక్కవాడిది, వాడు ఆ పక్కదానిది. చివర్లో ఉన్న బుడ్డోడు అరచెయ్యి వాసన చూసుకుని "నాకు సుత వచ్చింది ఆపా!" అని గంతులేశాడు.

"ఫ్లూ జ్వరం సుత గిట్లనే పోతది. కండ్లకు కనవడదు. జ్వరమొస్తే తప్పేం లేదు బిడ్డా, దాచొద్దు, గంతే" అన్నారు.

పొద్దున్నే గుమ్మం దగ్గర ప్రతి పిల్లకీ నోరు తెరిపించి వాసన చూసేవారు. మేం ఇంట్లో ఏం తిన్నామో ఆరా తీస్తోందేమో అనుకున్నాను, సిగ్గులేకుండా. ఆమె వెతికింది జ్వరం సిరప్‌లోని నారింజ వాసన కోసం. బేగంపేట ఆఫీసులకు పరుగెత్తే మాలాంటి తల్లులం ఒక మూత సిరప్ పోసి పిల్లల్ని బడిలో దింపేస్తామని ఆమెకు తెలుసు. "నారింజ వాసనొస్తుందమ్మా, ఇంటికి తీస్కపో" అని నన్ను రెండుసార్లు వెనక్కి పంపారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మూడోసారి సిరప్ పోసి, పైన సోంపు నమిలించి పంపాను. నా తెలివి తగలెయ్య! మధ్యాహ్నానికి పాప ఒళ్లు కాలిపోయింది. బడి నుంచి ఫోనొస్తే మీటింగులో ఉండి ఎత్తలేదు. సాయంత్రం నేను వెళ్లేసరికి ఆపా ఒక్కరే పాపను ఒళ్లో వేసుకుని తడిగుడ్డతో తుడుస్తున్నారు. "జెర చెప్తే అయిపోతుండె గదమ్మా" అన్నారంతే. బస్తీ అంతా చెప్పి నా పరువు తీస్తుందని వారం రోజులు హడలిపోయాను.

ఆ వారంలోనే ఆమె మంచం పట్టారు.

నిన్న పాపను తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. చాప మీద కూర్చున్న ఆపా చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "ఎవరో బిడ్డను జ్వరంతోని బడికి తోలిన్రట. ఎవరని ఎన్ని తీర్ల అడిగినా అక్క చెప్పలే. ఎవరి నుంచి అంటిందో ఎట్ల తెలుస్తది, వద్దు అన్నది."

పాప నా చెయ్యి లాగింది. "నేనే కదమ్మా?"

"నువ్వు కాదు, నేను" అన్నాను, పైకే.

ఆపా చెల్లెలు నా మొహంలోకి చూసింది. తర్వాత కొంచెం జరిగి, పాపను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను నిలబడే ఉన్నాను.